అయిదు వేల తేడా: చూపులేని బీకాం విద్యార్థిని ఆన్‌లైన్ పాఠాలపై ఒక కేస్ స్టడీ

నెల్లూరు జిల్లాలో సముద్రం వైపున్న ఒక పట్టణంలోని డిగ్రీ కళాశాలలో నేను కంప్యూటర్ అప్లికేషన్స్ చెబుతాను. కరోనా నాటి నుంచి కళాశాల ఆన్‌లైన్ పాఠాల పోర్టల్ బాధ్యత కూడా నా మీదే ఉంది. ఈ కేసు రాయడానికి విద్యార్థిని ఒప్పుకుంది. రాసినదాన్ని ముందు తనకే పంపితే రెండు చోట్ల సరిదిద్దింది కూడా. ఊరు, సంవత్సరం, ఇంటి వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను. పాఠాల సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే రాశాను. చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం నావి కాబట్టి వాటిని దాచాల్సిన అవసరం లేదు.

నేపథ్యం

ఆ అమ్మాయికి పసితనం నుంచి చూపు లేదు. వెలుతురు, చీకటి తేడా మాత్రం తెలుస్తుంది. పదో తరగతి వరకు చూపులేని పిల్లల వసతి పాఠశాలలో బ్రెయిలీలో చదువుకుంది. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి బ్రెయిలీ పుస్తకాలు ఆగిపోయాయి. సీఈసీ రెండేళ్లూ పక్కన కూర్చున్న స్నేహితురాలు చదివి వినిపిస్తే గడిచిపోయాయి. తండ్రి రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు, మేత చల్లుతాడు. ఊరి నుంచి కళాశాలకు బస్సులో ముప్పావు గంట. సదరం సర్టిఫికెట్ ఉంది, పింఛను వస్తుంది. ఆ డబ్బు కూడబెట్టి కొన్న ఆండ్రాయిడ్ ఫోనే ఆమె పుస్తకం, పలక. తెర మీదున్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అందులో ఉంది, పేరు టాక్‌బ్యాక్. దాని గొంతును ఎంత వేగంగా పెట్టుకుని వింటుందంటే, పక్కన కూర్చున్న నాకు మాటలు కాదు, వడగళ్లు పడుతున్న చప్పుడు వినిపించేది. కంప్యూటర్‌ను మాత్రం మా ల్యాబులోనే మొదటిసారి ముట్టుకుంది.

మీడియం సంగతి చెప్పాలి. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. తరగతిలో మాత్రం చెప్పేది తెలుగులోనే, నోట్సు రెండు భాషల కలగలుపు. నిర్వచనం ఇంగ్లీషులో ఉంటుంది, దాని కింద వివరణ తెలుగులో. పిల్లలకు అలాగైతేనే ఒంటబడుతుంది కాబట్టి మా అధ్యాపకులను నేను తప్పు పట్టను. కాని ఈ కలగలుపు తర్వాత ఒక చిక్కు తెచ్చిపెట్టింది.

పోర్టల్‌లో అప్పటికి నాలుగు రకాల సరుకు ఉండేది. చేతిరాత నోట్సును ఫోనుతో ఫొటోలు తీసి కట్టిన పీడీఎఫ్‌లు, బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్‌లో కొట్టించిన నోట్సులు, స్లైడ్లు, వీడియోలు. అన్ని యూనిట్లూ ఎక్కించామని తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించి మెప్పు కూడా పొందాము.

ఆమె తెచ్చిన సమస్య

సెమిస్టరు మొదలైన రెండో వారంలో ల్యాబుకు వచ్చింది. ఫిర్యాదులా కాదు, సందేహం అడిగినట్టే అడిగింది. "సార్, అకౌంట్స్ మొదటి యూనిట్ తెరిస్తే ఫోను ఏమీ మాట్లాడటం లేదు. రెండో యూనిట్ మాట్లాడుతోంది కాని, అది ఏ భాషో తెలియడం లేదు."

మొదటిది అర్థమైంది. అది ఫొటో. ఫొటోలో అక్షరాలు మన కంటికి అక్షరాలు, స్క్రీన్ రీడర్‌కు మచ్చలు. రెండోది నన్ను కాసేపు తికమక పెట్టింది. తెర మీద చక్కటి తెలుగు కనబడుతోంది, ఫోను మాత్రం ఇంగ్లీషు అక్షరాలను, గుర్తులను గుదిగుచ్చి చదువుతోంది. ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించాను. అక్కడ ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు.

డీటీపీ పనిలో ఉన్నవాళ్లకు ఇది పాత సంగతే. మనవాళ్లు దశాబ్దాలుగా వాడుతున్న పాత తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ముక్కలు బొమ్మలుగా అతికించి ఉంటాయి. తలకట్టు ఒక మీటలో, కొమ్ము ఇంకో మీటలో, వత్తు మరో మీటలో. కాగితం మీద అచ్చయితే చాలు అనుకున్న కాలానికి అది మంచి ఉపాయమే. ఏ భాష అక్షరానికైనా దాని సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. మా నోట్సులకు మాత్రం ముప్పై ఏళ్లయినా అది చేరలేదు. అంటే పోర్టల్‌లో మేము పెట్టిన తెలుగు నోట్సుల్లో సగానికి పైగా చూపున్నవాళ్లకే తెలుగు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరకు వెళ్తే న్యాయమైన ప్రశ్నే వేశారు. "ఒక్క విద్యార్థిని కోసం మొత్తం మార్చాలా?" 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ విద్యార్థి వ్యక్తిగత అవసరాన్ని బట్టి సర్దుబాటు చేయమంటుంది, ఎంతమంది ఉన్నారని లెక్క అడగదు. ఆ మాట చెప్పాను. ఆయన కాగితం మీద సంతకం పెట్టారు, డబ్బు మాత్రం పెట్టలేదు.

మొదటి ప్రయత్నం: చదివి వినిపించడం

మొదటి ఇంటర్నల్ పరీక్షకు మూడు వారాలే ఉంది. ఫైళ్లు బాగుచేయడం మూడు వారాల్లో తెమిలే పని కాదు. అందుకని దగ్గరి దారి పట్టాను. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఆరుగురిని పిలిచి, యూనిట్లు పంచి, చదివి ఫోనులో రికార్డు చేయమన్నాను. పిల్లలు ఉత్సాహంగా చేశారు. ఆ వారానికి ఆ నిర్ణయం తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పు ఎక్కడంటే, సమస్య తీరిపోయిందని నేను అనుకోవడంలో.

నలభై నిమిషాల ఆడియోలో ఒక నిర్వచనం కావాలంటే ఎక్కడుందో తెలియదు. వేలితో ముందుకు జరిపి, దాటిపోయి, మళ్లీ వెనక్కు జరిపి వెతుక్కోవాలి. 'డిప్రీసియేషన్' అనే మాట వినబడుతుంది కాని, దాని అక్షరాలు ఏమిటో ఆడియో చెప్పదు. స్క్రీన్ రీడర్ అయితే అక్షరం అక్షరం విడగొట్టి చెబుతుంది. పరీక్షలో ఆమె చెబుతుంటే స్క్రైబ్ రాసినా, స్పెల్లింగ్ అడిగితే చెప్పాల్సింది ఆమే కదా. ఇక పట్టిక వచ్చిన చోటల్లా చదివే పిల్లలు "ఇక్కడొక పట్టిక ఉంది" అని చెప్పి దాటిపోయారు. అకౌంట్స్‌లో పట్టిక దాటితే మిగిలేది ముందుమాట. పరీక్షలు దగ్గరపడేకొద్దీ ఆరుగురు ఇద్దరయ్యారు. వాళ్ల చదువు వాళ్లకు ఉంది, ఏమీ అనడానికి లేదు.

ఇదంతా నేను కనిపెట్టింది కాదు. ఎలా ఉన్నాయమ్మా అని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "బాగా చదివారు సార్. కాని నేను చదువుకున్నట్టు లేదు, నాకు ఎవరో పాఠం ఒప్పజెప్పినట్టు ఉంది." చూపున్న పిల్లవాడు పుస్తకం ఎలా చదువుతాడో అప్పుడు ఆలోచించాను. పేజీలు తిప్పుతాడు, శీర్షిక చూసి ఆగుతాడు, అర్థం కాని వాక్యం దగ్గరకు మళ్లీ వస్తాడు, తెలిసినదాన్ని వదిలేస్తాడు. ఆడియోలో వీటిలో ఒక్కటీ లేదు. ఆ తర్వాత ఏ పద్ధతి ప్రయత్నించినా ముందు ఒకే ప్రశ్న వేసుకున్నాము: ఇందులో ఆమె తనంతట తాను తిరగగలదా?

ఒక్క చోట మాత్రం ఆడియోనే ఉంచాము. తెలుగు పద్యాలు. స్క్రీన్ రీడర్ గొంతు పద్యాన్ని వచనంలా గడగడ లాగేస్తుంది. యతి తెలియదు, ఆగాల్సిన చోట ఆగదు, ఆగకూడని చోట సమాసాన్ని విరిచేస్తుంది. తిక్కన తిరిగిన నెల్లూరులో ఉంటూ పద్యాన్ని యంత్రం నోట పెట్టడానికి మా తెలుగు మాస్టారు ససేమిరా ఒప్పుకోలేదు. తానే రాగం తీసి పాడి, పదవిభాగం చెప్పి, ఒక్కో పద్యాన్ని ఒక్కో చిన్న ఫైలుగా ఇచ్చారు. చిన్న ఫైళ్లు కాబట్టి కావలసిన పద్యం వెంటనే దొరుకుతుంది.

రెండో ప్రయత్నం: ఫొటో నుంచి అక్షరం

ఫొటోల్లోంచి అక్షరాలు రాబట్టే ఓసీఆర్ ఉంది. గూగుల్ డ్రైవ్‌లో పీడీఎఫ్ ఎక్కించి డాక్స్‌లో తెరిస్తే తెలుగు కూడా అక్షరాలుగా వస్తుంది. కంప్యూటర్ మనిషిని కదా, నాకు ఇది బాగా నచ్చింది. రెండు రాత్రుళ్లలో నాలుగు యూనిట్లు మార్చేసి పోర్టల్‌లో పెట్టి ఆమెకు చెప్పాను. అచ్చు స్పష్టంగా ఉన్న పేజీలు బాగానే వచ్చాయి. 'మ' ఉన్న చోట 'వు' రావడం, ద, ధ, థలు తారుమారు కావడం చూశాను. చదివితే అర్థమవుతుందిలే అనుకున్నాను.

మరుసటి వారం ఒక ఉదయం ఆమె ల్యాబు తెరవకముందే వచ్చి వరండాలో నిలబడి ఉంది. ముందురోజు సాయంత్రం అంకణా (ట్రయల్ బ్యాలెన్స్: డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానం కావాలి) లెక్క ఒకటి చేయడానికి కూర్చుందట. బ్రెయిలీ పలక మీద ఖాతాల నిల్వలన్నీ పొడుచుకుని కూడితే డెబిట్ వైపు అయిదు వేలు తగ్గింది. మళ్లీ కూడింది. తర్వాత ఒక్కో ఖాతా ఏ వైపు రావాలో మొదటి నుంచి చూసుకుంది. రాత్రి ఒంటిగంట వరకు అదే పని. "ఎక్కడ తప్పు చేశానో దొరకడం లేదు సార్" అంది.

అసలు నోట్సు తీసి చూశాను. ఫర్నిచరు 8,500. ఓసీఆర్ దాన్ని 3,500 చేసింది. నాకు పట్టింది ఒక నిమిషం. "తప్పు నీది కాదమ్మా, మిషనుది" అన్నాను. సరిచూడకుండా పంపిన మనిషిది అని ఆమె అనలేదు. అని ఉండాల్సింది.

ఈ కేసు మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ అయిదు వేలే. మాటల్లో అక్షరం తప్పితే పక్కనున్న అక్షరాలు సాయం వస్తాయి. 'వర్తకవు' అని వినబడితే 'వర్తకము' అని ఎవరైనా సర్దుకుంటారు. అంకెకు అలాంటి పక్కవాళ్లు లేరు. 8,500 ఎంత నిజంగా వినబడుతుందో 3,500 కూడా అంతే నిజంగా వినబడుతుంది. పైగా అకౌంట్స్ నేర్చుకుంటున్న విద్యార్థి లెక్క కుదరకపోతే ముందు తననే అనుమానించుకోవాలని మేమే నేర్పుతాము. ఆమె అలాగే అనుమానించుకుంది. అందని ఫైలు కనీసం తాను అందడం లేదని ఒప్పుకుంటుంది. ఇది చూడటానికి అందినట్టే ఉండి ఒక రాత్రి తినేసింది.

ఆ రోజే పోర్టల్ నుంచి ఆ నాలుగు యూనిట్లు తీసేశాను. ఇకపై ఇద్దరు సరిచూడకుండా అంకె ఉన్న పేజీ ఏదీ ఓసీఆర్ నుంచి నేరుగా వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాము. సరిచూడటానికి పట్టే కాలం లెక్కేస్తే, ఆ పేజీ మళ్లీ టైపు చేయించడం కంటే ఎక్కువవుతోంది. అలాంటప్పుడు మొదట టైపు చేసిన చోటికే వెళ్తే సరిపోదా అని తట్టింది.

బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్

మా కళాశాల నోట్సులు ఇరవై ఏళ్లుగా కొడుతున్న ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, అన్నీ ఆయనే. వెళ్లి అడిగితే ఫైళ్లన్నీ ఉన్నాయన్నాడు. అధ్యాపకుల ఇంటిపేర్లతో ఫోల్డర్లు, అన్నీ పేజ్‌మేకర్‌లో. నోట్‌ప్యాడ్‌లో అతికించి చూపించాను. కాసేపు తెరవైపు చూసి నవ్వాడు. "ఇరవై ఏళ్లుగా తెలుగు కొడుతున్నాననుకున్నాను మాస్టారూ" అన్నాడు.

పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మొదటి యూనిట్ మొత్తాన్ని ఒక్కసారిగా మార్చాము. తెలుగు చాలావరకు సరిగ్గా వచ్చింది. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలన్నీ అర్థంలేని తెలుగు ముద్దలైపోయాయి. కన్వర్టర్‌కు అన్నీ ఇంగ్లీషు సంకేతాలే కదా, ఏది అసలు ఇంగ్లీషో, ఏది తెలుగు వేషంలో ఉన్న ఇంగ్లీషో దానికెలా తెలుస్తుంది? రెండు భాషల నోట్సు చిక్కు తెచ్చిందని ముందు అన్నది ఇదే. దారి ఆపరేటరే చెప్పాడు. "తెలుగు ఫాంటులో ఉన్నదాన్ని మాత్రమే ఏరి మారుద్దాం" అన్నాడు. ఫాంటును బట్టి ముక్కలు వేరుచేసి, తెలుగు ముక్కలను మాత్రం మార్చి, ఇంగ్లీషును, అంకెలను ముట్టుకోకుండా వదిలాము. ర వత్తు తప్పుచోట పడటం లాంటివి మిగిలాయి. అవి వింటే వెంటనే తెలిసిపోతాయి. ఇక్కడ అంకె ఎక్కడా మారదు, అది ఆపరేటర్ మొదట కొట్టిన అంకే. నాకు కావలసింది కూడా అదే.

పాతవాటి సంగతి అది. కొత్తవి మొదటి నుంచే యూనికోడ్‌లో రావాలి. ఆయన వేళ్లు ఇరవై ఏళ్లుగా 'యాపిల్' అనే తెలుగు కీబోర్డు వరుసకు అలవాటు పడ్డాయి. కొత్త వరుస నేర్చుకోమంటే చేయడు. ఏ కారణమూ లేకుండా ఎందుకు చేస్తాడు? అదే వరుసలో మీటలు నొక్కితే యూనికోడ్ అక్షరం పడే సాధనం ఆయన కంప్యూటర్‌లో పెట్టాము. శీర్షికలు ముందే అమర్చిన వర్డ్ నమూనా ఒకటి ఇచ్చాను. శీర్షికను లావుపాటి అక్షరాల్లో పెట్టి ఊరుకోకుండా, హెడింగ్ స్టైలు ఎంచుకోవాలి. అంతవరకే ఆయన నేర్చుకోవాల్సింది. పేజీకి అయిదు రూపాయలు ఎక్కువ అడిగాడు. ఇచ్చాము. ఈ మొత్తం పనిలో డబ్బు ఖర్చయిన చోటు దాదాపు ఇదొక్కటే. ఆ కాస్త కోసం ప్రిన్సిపాల్ గారి గది ముందు నేను కూర్చున్న గంటలు వేరే లెక్క.

అధ్యాపకులకు శిక్షణ ఇచ్చి మార్చాలని అంతకుముందు ఒక మధ్యాహ్నం రెండు గంటల సమావేశం పెట్టాను. వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్లకూ అందేలా చేసే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు, అక్షరానికీ దాని వెనక రంగుకూ ఉండాల్సిన 4.5కు 1 నిష్పత్తి, అన్నీ స్లైడ్లు వేసి చెప్పాను. టీ తాగారు, చప్పట్లు కొట్టారు. మరుసటి వారం మళ్లీ ఫొటోల పీడీఎఫ్‌లే వచ్చాయి. ఇరవై మంది అలవాటు మార్చడం కంటే, ఆ ఇరవై మంది కాగితాలు తప్పనిసరిగా దాటే ఒక్క బల్ల దగ్గర మార్చడం తేలిక. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

పీడీఎఫ్ ఎందుకు వద్దనుకున్నాము

వర్డ్ ఫైలు చేతిలోకి వచ్చాక ఏ రూపంలో ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. హెడింగులు సరిగా ఉంటే వర్డ్ నుంచి ట్యాగులున్న, అంటే ఏది శీర్షికో ఏది పట్టికో లోపల గుర్తులున్న పీడీఎఫ్ తీయవచ్చు. కాని ఆమె చదివేది ఫోనులో. మేము పెట్టి చూసిన ఫోను యాప్‌లలో పీడీఎఫ్ ట్యాగులు నమ్మకంగా పలకలేదు. హెచ్‌టీఎంఎల్ పేజీ, అంటే వెబ్ పేజీ అయితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, టాక్‌బ్యాక్‌తో హెడింగు నుంచి హెడింగుకు దూకవచ్చు. ల్యాబులో ఎన్‌వీడీఏ అనే కంప్యూటర్ స్క్రీన్ రీడర్‌తో హెచ్ మీట నొక్కితే తర్వాతి హెడింగు, టి మీట నొక్కితే తర్వాతి పట్టిక. ఎన్‌వీడీఏ ఉచితం కాబట్టి ల్యాబులో అన్ని కంప్యూటర్లలోనూ వేశాము. ఆమె ఫలానా కంప్యూటర్ దగ్గరే కూర్చోవాలన్న పట్టింపు లేకుండా పోయింది. ఏ వాక్యం తెలుగో, ఏది ఇంగ్లీషో పేజీలోనే గుర్తు పెట్టాము. ఆ గుర్తును బట్టి ఎన్‌వీడీఏ గొంతు మార్చుకుంటుంది. ఆ గుర్తు లేనప్పుడు ఇంగ్లీషు గొంతు తెలుగు వాక్యాలను నిశ్శబ్దంగా మింగేసేది. లేనిదాన్ని లేదని ఎవరూ కనిపెట్టలేరు.

ఫొటోల పీడీఎఫ్ ఒక యూనిట్ 14 ఎంబీ ఉండేది. అదే యూనిట్ కొత్త రూపంలో ఒక ఎంబీలో పదోవంతు కూడా లేదు. సిగ్నలు సరిగ్గా అందని గుంటల గట్ల ఊళ్ల నుంచి వచ్చే మిగతా పిల్లలు కూడా ఈ పేజీలే తెరవడం మొదలుపెట్టారు.

ముద్రిత పాఠ్యపుస్తకాన్ని ఇలా మార్చితే కాపీరైట్ గొడవ రాదా అని కార్యాలయంలో భయపడ్డారు. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 52(1)(జెడ్‌బీ) నిబంధన, వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోగల రూపంలోకి మార్చి వాళ్లకు ఇవ్వడాన్ని ఉల్లంఘన కాదంటుంది. ఆ రక్షణ వాళ్ల కోసమే కాబట్టి, ప్రచురణకర్తల పుస్తకాల నుంచి మార్చినవి ఆమె లాగిన్‌లో తప్ప పోర్టల్‌లో అందరికీ పెట్టలేదు. మా అధ్యాపకుల సొంత నోట్సులు మాత్రం అందరికీ.

టి ఆకారం

అక్షరాలు సరి అయ్యాక కూడా ఆవర్జా (లెడ్జర్, ఒక్కో ఖాతా పద్దులు విడిగా రాసేది) ఆమెకు అర్థం కాలేదు. ఫైలులో దోషం లేదు. అంకెలు సరే, హెడింగులు సరే, పట్టిక గళ్లు సరే. మరి ఎందుకు అర్థం కాదు? ఆమె పక్కన కూర్చుని, తాను వింటున్నదే నేనూ విన్నాను. స్క్రీన్ రీడర్ ఒక వరుస చదివింది: జనవరి 1, టు క్యాపిటల్, 50,000, జనవరి 3, బై ఫర్నిచర్, 8,500. "క్యాపిటల్ నుంచి ఫర్నిచర్‌కు ఏమి వెళ్లింది సార్?" అని అడిగింది.

ఏమీ వెళ్లలేదు. ఆవర్జా ఖాతాను ఇంగ్లీషు టి అక్షరంలా గీసి, ఎడమ డెబిట్, కుడి క్రెడిట్ అంటాము. ఒకే వరుసలో పక్కపక్కన ఉన్న రెండు పద్దులకూ ఏ చుట్టరికమూ లేదు, కాగితం మీద ఇరుగుపొరుగు అంతే. కంటికి నడుమ గీత కనబడుతుంది కాబట్టి మనకు ఆ సందేహం రాదు. చెవికి ఆ గీత లేదు. ఒకే వరుసలో ఉన్నవి ఒకే సంగతికి చెందినవని ఆమె అనుకోవడమే పట్టికను సరిగ్గా చదవడం. పట్టికే ఆ నియమాన్ని తప్పింది.

అందుకని బ్యాంకు పాస్‌బుక్ రూపం తీసుకున్నాము. తేదీ, వివరం, డెబిట్, క్రెడిట్, నిల్వ. ఒక వరుస, ఒక పద్దు. మేత కొట్టు వాళ్లు నాన్న పేరిట రాసే పద్దుల పుస్తకం కూడా ఇలాగే ఉంటుందని, దాన్ని తమ్ముడు చదివి వినిపిస్తుంటాడని ఆమే చెప్పింది. ఆ మధ్యాహ్నం మూడు ఖాతాలు చేసింది.

మా అకౌంట్స్ మాస్టారు దీన్ని ఒప్పుకోలేదు. విశ్వవిద్యాలయం పరీక్షలో టి రూపమే అడుగుతారు, పాస్‌బుక్ రూపంలో రాస్తే మార్కులు పోతాయి అన్నారు. ఆయన మాట ముమ్మాటికీ నిజం. మొండికేసి ఉంటే ఆ అమ్మాయికే నష్టం. అందుకని నేర్చుకునే రూపాన్ని, అప్పగించే రూపాన్ని విడగొట్టాము. లెక్క పాస్‌బుక్ రూపంలో చేస్తుంది. చివర డెబిట్ గడిలో ఉన్నవన్నీ వరుసగా ఎడమకు, క్రెడిట్ గడిలో ఉన్నవన్నీ కుడికి స్క్రైబ్‌కు చెబుతుంది. టి అంటే ఎలా ఉంటుందో తెలియడానికి అట్ట మీద పురికొస అంటించి మాస్టారే ఒక టి చేసి ఇచ్చారు. ఆమె దాన్ని వేళ్లతో తడిమి, "ఇంతేనా సార్!" అంది. ఇదే అట్ట, పురికొస తర్వాత అర్థశాస్త్రంలో గిరాకీ రేఖకు కూడా పనికొచ్చాయి.

స్క్రైబ్‌కు టి ఖాతా గీయడం ముందే తెలిసి ఉండాలని రెండుసార్లు సాధన చేయించాము. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు ఒక గంట. ఎడమ, కుడి చెప్పి రాయించడానికి ఆ గంట దాదాపు సరిపోతుంది, మిగలదు.

అంకెల్లోనే ఇంకో చిన్న సంగతి. 1,25,000ను మా ల్యాబులోని ఇంగ్లీషు గొంతు "ఒకటి, ఇరవై అయిదు వేలు" అని చదివింది. లక్షల దగ్గర కామా పెట్టే మన పద్ధతి దానికి తెలియదు. సాధన పట్టికల్లో కామాలు తీసేశాము. అప్పుడు నూట ఇరవై అయిదు వేలని చదువుతుంది. లక్షా పాతిక వేలని తానే మార్చుకుంటానంది.

మిగిలినవి

క్విజ్‌లు త్వరగానే తెమిలాయి. మా పోర్టల్ మూడిల్ అనే ఆన్‌లైన్ పాఠాల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. అందులో ఒక్కో విద్యార్థికి విడిగా సమయం పెంచే వీలుంది. జతపరచే ప్రశ్నల్లో మౌసుతో లాగే పద్ధతి తీసేసి, జాబితాలోంచి ఎంచుకునే పద్ధతి పెట్టాము. వీడియోల్లో "ఇది అక్కడికి వెళ్తుంది, అది ఇక్కడికి వస్తుంది" అని బోర్డు చూపిస్తూ చెప్పినవాటిని బాగుచేయలేకపోయాము. కొత్త వీడియోల్లో మాత్రం అంకెను, ఖాతా పేరును నోటితో చెప్పమన్నాను. కొందరు చెబుతున్నారు.

నేను చేసిన ఇంకో పొరపాటు ఉంది. మొదటి రెండు నెలలు మార్చిన ప్రతి పేజీనీ ఆమెకే పంపి తప్పులు చెప్పమన్నాను. చెప్పింది, చాలా బాగా చెప్పింది. ఒకరోజు మా తెలుగు మాస్టారు అడిగారు. "ఆ పిల్ల ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిందా, మీ ప్రూఫులు దిద్దడానికి వచ్చిందా?" అప్పటి నుంచి అక్షర దోషాలు వినే పని ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు ఇచ్చాము. తెర ఆపేసి ఎన్‌వీడీఏతో వినాలి, అదే షరతు. ఆమె దగ్గరకు వెళ్లేది ఆమె మాత్రమే తేల్చగలిగిన సంగతులే. పట్టికలో తిరగడం తేలికగా ఉందా, హెడింగులు చాలా, ఎక్కువయ్యాయా, ఇలాంటివి.

మూడో సెమిస్టరులో ఒక సాయంత్రం ఫోను చేసి, ముగింపు లెక్కల్లో ఏడో అభ్యాసం కుదరడం లేదంది. ఫర్నిచరు సంగతి గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. పేజీ తీశాను, ఆపరేటర్ ఫైలు తీశాను, మాస్టారి చేతిరాత నోట్సు తీశాను. మూడింట్లోనూ అంకెలు ఒక్కటే. తప్పు మూలంలోనే ఉంది. సర్దుబాట్లలో ఒక పద్దు రాయకుండానే ఆయన జవాబు వేసుకున్నారు, ఏళ్లుగా పిల్లలు ఆ జవాబునే ఎక్కించుకుంటున్నారు. ఆయనకు చెబితే కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదే" అన్నారు.

ఇప్పుడు కాస్ట్ అకౌంటింగ్ నడుస్తోంది. ఒక్కో తయారీ దశ ఖర్చు రాసే ప్రాసెస్ ఖాతాలో రెండు వైపులా యూనిట్లు, మొత్తాలు విడివిడి గడుల్లో ఉంటాయి. పాస్‌బుక్ రూపంలో పెడితే వరుస మరీ పొడవై, చివరి గడికి వచ్చేసరికి మొదటి గడి మరిచిపోతోంది. యూనిట్లను ఒక పట్టికగా, మొత్తాలను మరో పట్టికగా విడగొట్టి ఒక నమూనా చేశాను. రెంటి మధ్య తిరగడం కష్టంగా ఉందని తిప్పిపంపింది. సోమవారానికి ఇంకోటి చేసి ఇవ్వాలి.